కొబ్బరికాయ నిలబడింది, మరి వాదన?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మొత్తం 48 ఇళ్లు. ఉన్న రెండు బోర్లలో ఒకటి 2024 వేసవిలో ఎండిపోయింది, రెండోది అంతంతమాత్రం. ట్యాంకర్ల ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. మా పెద్ద మేనమామ ఇదే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, సంఘానికి కోశాధికారి. ఊరి నుంచి కొబ్బరికాయతో నీళ్లు చూసే పెద్దాయనను ఆయనే పిలిపించారు. వెనక గేటు దగ్గర ఆయన అరచేతిలోని కాయ లేచి నిలబడింది. అక్కడే బోరు వేద్దామని సమావేశంలో పెట్టారు. నేను తర్కదోషాల గురించి కొంత చదివాను. ఒక్కొక్కరు మాట్లాడుతుంటే అది ఏ దోషమో పేరుతో సహా చెప్పాను. "నువ్వు ఏనాడైనా బోరు వేయించావా" అన్నారు ఒకరు. "రోజూ పైపు పెట్టి కారు కడిగేవాడివి, నీళ్ల గురించి నువ్వా చెప్పేది" అన్నారు ఇంకొకరు. "ఇవాళ కొబ్బరికాయ వద్దన్నవాడు రేపు గుడి కూడా వద్దంటాడు" అని మామయ్య లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి మాటలు లేవు. వచ్చే నెల మళ్లీ సమావేశం ఉంది. తర్కం పద్ధతిగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వీళ్లతో వాదించి నెగ్గడం ఎలా? ఆ రోజు ఎవరేమన్నారో రాసి జతచేస్తున్నాను.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు జతచేసిన రెండు పేజీలూ చదివాను. ఎడమవైపు ఎవరేమన్నారో, కుడివైపు అది ఏ దోషమో పట్టికలా రాశారు. పేర్లు దాదాపు అన్నీ సరిపోయాయి. కాకపోతే ఆ రెండు పేజీల్లో ప్రశ్నార్థకం ఒక్కటీ కనపడలేదు. అంతసేపు జరిగిన సమావేశంలో మీరు ఎవరినీ ఏమీ అడగలేదు, అందరికీ తీర్పులే ఇచ్చారు. తీర్పు విన్నవాడు తన వాదనను సరిచూసుకోడు, న్యాయమూర్తి అర్హతలు ఆరా తీస్తాడు. "ఏనాడైనా బోరు వేయించావా" అన్న మాట అక్కడినుంచే వచ్చింది.

నెగ్గడం ఎలా అని అడిగారు. మన నైయాయికులు, అంటే పాతకాలపు తర్కశాస్త్ర పండితులు, చర్చను మూడు రకాలుగా విడదీశారు, గౌతముడి న్యాయసూత్రాల్లోనే ఉంది. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. నెగ్గడమే లక్ష్యంగా చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. మీ మామయ్య చేసింది జల్పం అనుకున్నా, మీరు చేసింది చాలావరకు వితండే. "వాన నీళ్లు పట్టుకుంటే చాలు" అని చివర్లో ఒక్క ముక్క అన్నారు. దానికి లెక్క చెప్పలేదు, ఆధారం చూపలేదు. ఆ ముక్క సంగతి తర్వాత చూద్దాం, అందులోనూ తిరకాసు ఉంది.

మొదలు ఎక్కడ అంటే ఇక్కడ. ఎవరైనా ఒక మాట అనగానే దాన్ని రెండు ముక్కలు చేయండి. ఏమంటున్నారు, ఎందుకంటున్నారు. మొదటిది ప్రతిజ్ఞ, రెండోది హేతువు. "వెనక గేటు దగ్గర నీళ్లున్నాయి" ప్రతిజ్ఞ. "ఎందుకంటే అక్కడ కాయ నిలబడింది" హేతువు. ఈ రెంటినీ కట్టిపడేసే మూడోది ఒకటుంది, దాన్ని సాధారణంగా ఎవరూ పైకి అనరు. కాయ నిలబడిన ప్రతిచోటా నీళ్లుంటాయి అన్న నియమం. తర్కశాస్త్రంలో దీన్ని వ్యాప్తి అంటారు. వాదనలో బలమైనా బలహీనతైనా ఎక్కువగా ఉండేది ఈ అనని మాటలోనే. మీరు మీ మామయ్య పైకి అన్న మాటల మీద దాడి చేశారు, అనని మాట జోలికి పోలేదు.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పడం తర్కశాస్త్రంలో పాత ఉదాహరణ. ఎందుకు నమ్మాలి? పొగ ఉన్నచోట నిప్పు ఉండటం వంటింట్లో చూశాం. నిప్పు లేని చెరువులో పొగ లేకపోవడమూ చూశాం. గమనించండి, రెండూ కావాలి. ఉన్నచోట ఉండటం ఒక్కటే చాలదు, లేనిచోట లేకపోవడం కూడా చూపించాలి. ఇదే నియమాన్ని తిప్పి "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుంది" అంటే మాత్రం కుదరదు. బాగా కాలిన ఇనపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుకు పచ్చికట్టె తోడైతేనే పొగ. ఆ పచ్చికట్టె లాంటి చాటు షరతును ఉపాధి అన్నారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఇవన్నీ పిల్లలకు అర్థమయ్యేంత చిన్న వాక్యాల్లో చెప్పాడు. ఆయన 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీకి పోయినంత మాత్రాన ఎవరైనా అన్నంభట్టు అయిపోతాడా అని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది. దోషాల పేర్లు బట్టీపట్టిన మనందరికీ ఆ నానుడి వర్తిస్తుంది.

మీ పట్టికలో మూడో వరుస చూడండి. "నీళ్లున్న చోట కాయ నిలబడుతుంది. ఇక్కడ కాయ నిలబడింది. కాబట్టి నీళ్లున్నాయి" అని రెండో అంతస్తు ఆయన అన్నారు. మీరు దీన్ని కాకతాళీయం అని రాసుకున్నారు. మీ పట్టికలో తప్పిన పేరు ఇదొక్కటే. ఇది నియమాన్ని తిప్పి వాడటం. వాన పడితే వీధి తడుస్తుంది. వీధి తడిసి ఉంది, కాబట్టి వాన పడింది అనగలమా? మీ వీధిలో పొద్దున్నే కారుతూ వెళ్లే ట్యాంకర్‌ను అడగండి. అలా అడిగి ఉంటే రెండో అంతస్తు ఆయన కూడా నవ్వేవారు, నవ్వాక ఆలోచించేవారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ మామయ్య వాదనలో గట్టి ముక్క కొబ్బరికాయ కాదు. "మన ఊళ్లో ఆయన చూపిన ఏడు చోట్ల నీళ్లు పడ్డాయి" అన్నది. ఆ ఏడు బోర్లూ ఆయన కళ్లతో చూసినవే అయి ఉంటాయి. రాయలసీమలో బోరు అంటే కుటుంబం నిలవడమో కూలడమో తేల్చే విషయం. ఆ ఏడింటిని మీరు ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆయనకు అది తన జీవితాన్ని కొట్టిపారేసినట్టు వినపడుతుంది. కొట్టిపారేయకండి, లెక్కలో పెట్టండి.

ఒక కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. నాలుగు గళ్లు వస్తాయి. ఆయన చూపిన చోట వేస్తే నీళ్లు పడినవి మొదటి గడి. ఆయన చూపిన చోట వేసినా పడనివి రెండోది. ఎవరినీ పిలవకుండా గట్టు పక్కన వేసేస్తే పడినవి మూడోది. అలా వేస్తే పడనివి నాలుగోది. మామయ్య మొదటి గడి ఒక్కటే నింపారు. అందులో 7 అని రాద్దాం. మిగతా మూడూ ఖాళీ. రెండో గడిలో 3 ఉందనుకుందాం, అంటే పదికి ఏడు. గొప్పగానే ఉంది. ఇప్పుడు మూడో గడిలో కూడా 7, నాలుగో గడిలో కూడా 3 ఉంటే? కొబ్బరికాయ ఉన్నా లేకున్నా పదికి ఏడు. అప్పుడు ఆ ఊరి నేలలో నీళ్లున్నాయని తేలుతుంది, కాయ సంగతి ఏమీ తేలదు. అదే మూడో గడిలో 2, నాలుగో గడిలో 8 ఉంటే మీరే ఆ పెద్దాయనకు ఎదురెళ్లి సామాను మోయాల్సి వస్తుంది. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు. అసలు అంకెలు మీ మామయ్యకు, ఊళ్లో ఆయన తోటివాళ్లకు గుర్తుంటాయి. అవి అడగడానికి ఏ దోషం పేరూ అక్కర్లేదు.

రెండో గడి మాత్రం మామూలుగా అడిగితే నిండదు. నీళ్లు పడిన రోజు మోటారుకు పసుపు కుంకుమ పెడతారు, ఊరంతా వచ్చి చూస్తుంది, పది ఊళ్ల అవతల కూడా చెప్పుకుంటారు. పడని బోరు మీద ఒక రాయి పెట్టి మూస్తారు, అప్పు తీరేదాకా ఆ మాట ఎత్తరు. ఎవరూ అబద్ధమాడటం లేదు. గెలుపుకు నోరుంది, ఓటమికి లేదు. అంతే తేడా. అందుకని "ఎన్ని ఫెయిలయ్యాయి" అని కాకుండా "ఆయన చూశాక కూడా ఎవరెవరు రెండోసారి బోరు వేయించుకున్నారు" అని అడగండి. జవాబు వేరుగా వస్తుంది.

ఇంకొకటి. "నీళ్లు పడ్డాయి" అంటే ఏమిటి? బోరు బండి పని చేస్తుండగా అరంగుళం నీళ్లు చిమ్మినా పడ్డాయనే అంటారు. రెండంగుళాలు మూడు వేసవులు ఆగకుండా పోసినా పడ్డాయనే అంటారు. 48 ఇళ్లకు మొదటి రకం పనికిరాదు. పైగా ఆరు వందల అడుగుల దగ్గర ఏమీ రాకపోతే "ఇంకో వంద అడుగులు వెయ్యి, జల ఉంది" అంటారు, అక్కడా రాకపోతే ఇంకో వంద. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. ఎక్కడ ఆగితే మాట తప్పినట్టో ముందుగా ఒప్పుకోకపోతే ఆ మాట ఎప్పటికీ తప్పదు. తప్పే వీలే లేని మాట వల్ల మనకు నేల గురించి తెలిసేదేమీ ఉండదు.

ఉపాధి అన్నాను కదా, ఇక్కడ దాని పని పెద్దది. ఆ పెద్దాయన ముప్పై నలభై ఏళ్లుగా పొలాలు తిరిగిన మనిషి. ఎక్కడ పల్లం, ఎక్కడ వాగు పాయ ఒకప్పుడు పారింది, ఏ చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉంది, పక్క పొలంలో బోరు ఎంత లోతు అన్నవన్నీ ఆయన కన్ను తనకే తెలియకుండా పట్టుకుంటుంది. ఊళ్లో ఆయన మాట కలిసివచ్చి ఉంటే కాయ వల్లనా, కన్ను వల్లనా? ఊళ్లో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి విడదీయలేం. మీ అపార్ట్‌మెంట్ వెనక గేటు దగ్గర చుట్టూ కాంక్రీటు. కింద ఉన్నది నీస్ అనే గట్టి రాయి, గ్రానైటు. పైన ఉండే చితికిన పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ తప్ప నీళ్లు నిలవవు. ఆయన కంటికి పనిచేసే గుర్తులు అక్కడ చాలావరకు లేవు. ఆయన నేర్పు నిజమే అనుకున్నా, అది అనంతపురం పొలం నుంచి కె.ఆర్.పురం సెల్లారుకు అలాగే వస్తుందని ఎవరూ చూపలేదు. ఈ మాట మామయ్యతో గౌరవంగానే అనవచ్చు, ఎందుకంటే ఇందులో ఆ పెద్దాయనను తగ్గించేదేమీ లేదు.

కాయను కన్ను నుంచి విడదీసి చూసినవాళ్లు ఉన్నారు. 1987, 88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టంలో పరీక్ష పెట్టారు. కింది అంతస్తులో పది మీటర్ల గీత మీద అటూ ఇటూ జరపగలిగే నీటి గొట్టం. పై అంతస్తులో నీళ్లు చూసేవాడు. వాళ్లు వాడేది పుల్లలూ కడ్డీలూ, మన కొబ్బరికాయ కాదు, కానీ చేసే పని ఒకటే. ఐదు వందల మందికి పైగా వచ్చారు. వాళ్లలో మెరుగైన 43 మందిని ఏరి 843 సార్లు గొట్టం ఎక్కడుందో చెప్పమన్నారు. ఎక్కువమంది గుడ్డిగా చెప్పినదానికన్నా మెరుగ్గా చెప్పలేదు. కొందరికి నిజంగా శక్తి ఉందని పరీక్ష పెట్టినవాళ్లు అన్నారు. ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అదే లెక్కను మళ్లీ తీసి చూశాడు. వాళ్లలో అందరికన్నా మెరుగైనవాడు, ప్రతిసారీ కళ్లు మూసుకుని "సరిగ్గా మధ్యలో ఉంది" అని చెప్పే మనిషికన్నా సగటున నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే దగ్గరగా చెప్పాడని తేల్చాడు. పది మీటర్లలో నాలుగు మిల్లీమీటర్లు. మెరుగైన 43 మందిలోంచి మళ్లీ మెరుగైన కొందరిని ఏరి చూపడం కూడా మొదటి గడి ఒక్కటే నింపడం లాంటిదేనని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది.

మరి కాయ ఎందుకు నిలబడింది? మామయ్య కళ్లతో చూశారు, మీరూ చూశారు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు దీనికి ఒక వివరణ ఇచ్చాడు. మనసులో ఒక ఎదురుచూపు ఉంటే చేతి కండరాలు మనకు తెలియకుండానే ఆ వైపు కదులుతాయి. ఆ మరుసటి ఏడాది మైకేల్ ఫారడే దీన్ని బల్లల మీద పరీక్షించాడు. అప్పట్లో ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు బల్లను తిప్పుతాయని ఒక వేలంవెర్రి. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య జారే పలకలు పెట్టాడు. ముందు కదిలింది చేతులే. కూర్చున్నవాళ్లందరూ నిజాయతీపరులే, తాము తోయలేదని ఒట్టు వేయగలిగినవాళ్లే.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మీరు సమావేశంలో "డబ్బు కోసం ఆయన అలాగే చెబుతాడు" అన్నారు. మీ పట్టికలో అది లేదు, మీరన్న మాటలకు మీరు వరుస కేటాయించుకోలేదు. పట్టిక కింద, జరిగినదంతా రాసిన పేరాలో బయటపడింది. మనిషిని తిట్టి మాటను ఓడించడం అనే దోషాన్ని మీరు మరో ఇద్దరిలో పట్టుకున్నారు, వాళ్లకన్నా ముందు చేసింది మీరే. ఆ పెద్దాయన డబ్బు తీసుకుంటే ఆయన మాటను జాగ్రత్తగా పరీక్షించాలి, నిజమే. కానీ డబ్బు తీసుకున్నంత మాత్రాన మాట తప్పు కాదు. డాక్టరూ తీసుకుంటాడు, భూగర్భ జల నిపుణుడూ తీసుకుంటాడు. ఆయన మోసగాడు కానక్కర్లేదు, కాయ మాత్రం నీళ్లు చెప్పనక్కర్లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని చెప్పి ఉంటే మామయ్య లేచి వెళ్లేవారు కాదేమో.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి చేశారు. "అక్కడ నీళ్లు పడినా అది కాకతాళీయమే, నేను నమ్మను" అన్నారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరగవచ్చు, నిజమే. ఒక్క బోరుతో ఏదీ రుజువు కాదన్నదీ నిజమే. కానీ ఏం జరిగినా నమ్మననే మనిషికీ, ఏం జరిగినా ఇంకో వంద అడుగులు వేయమనే మనిషికీ తేడా ఏమిటి? ఎన్ని చోట్ల ఎలా కలిసివస్తే నమ్ముతారో మీరు చెప్పాలి. మీరు చెబితేనే ఆయన్ని అడిగే హక్కు వస్తుంది.

మిగతావి త్వరగా. కారు కడగడం గురించి అన్నది మీ వాదనను తాకదు, కానీ మాట నిజమైతే బకెట్టుకు మారండి. నీళ్లు తక్కువగా ఉన్నచోట అది ఎలాగూ చేయాల్సిందే. పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లూ కాయతోనే చూపించుకున్నారన్నది గొర్రెదాటు. వాళ్ల బోరు ఎంత లోతు, ఎన్ని అంగుళాలు, ఇప్పటికీ పోస్తోందా అని అడిగితే మాత్రం అదే పనికొచ్చే సమాచారం అవుతుంది. గుడి మాటకు జవాబు ఇవ్వకండి. అది వాదన కాదు, మనసు కష్టపెట్టుకున్నారనడానికి గుర్తు. బోరు బండివాడికి అడ్వాన్సు ఇచ్చేశాం కాబట్టి వేయాల్సిందే అన్నది ఇళ్లల్లో, పెళ్లిళ్లలో, వ్యాపారాల్లో అన్నిచోట్లా వినిపించేదే. పోయిన డబ్బు ఎలాగూ పోయింది. అడగాల్సింది ఇక మీదట పెట్టబోయే డబ్బు గురించి. "కావేరి ఐదో దశ వచ్చేసింది, ఇంకా బోరెందుకు" అని ఒకావిడ అన్నారని రాశారు. కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైన మాట నిజం, నగరంలో కలిసిన 110 గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇవ్వడానికి కట్టారు. నగరానికి వచ్చింది కాబట్టి మీ సంపులోకి వచ్చినట్టు కాదు. మీ వీధికి గొట్టం వేశారా, మీ సంఘం కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టిందా? ఆ సమావేశంలో ఎవరూ ఆ మాట అడిగినట్టు మీరు రాయలేదు. నాకు అదే ఆశ్చర్యం.

ఇక "వాన నీళ్లు పట్టుకుంటే చాలు". దీన్ని కూడా ప్రతిజ్ఞ, హేతువులుగా విడదీద్దాం, లేకపోతే అన్యాయం. మీ పైకప్పు పదివేల చదరపు అడుగులని రాశారు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన. రెంటినీ గుణిస్తే సుమారు తొమ్మిది లక్షల లీటర్లు. మొదటి వాన వదిలేసి, పొర్లిపోయింది పోగా ఎనభై శాతం దక్కిందనుకున్నా ఏడు లక్షల ఇరవై వేలు. 48 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కేస్తే మీకు రోజుకు 26 వేల లీటర్లు కావాలి. అంటే ఏడాది పొడవునా పట్టిన వాన 28 రోజులకు సరి. పైగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కురిసినది ఏప్రిల్‌కు దాచాలి. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు ఏటా అరవై తగ్గుతాయి, అది తక్కువేమీ కాదు. కానీ "చాలు" అన్నది నిలబడదు. మీ మామయ్య పక్షం ఈ లెక్క వేయకపోవడం మీ అదృష్టం.

2024 మార్చిలో నగరంలో 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పిన లెక్కను కూడా మీరు ఎత్తారు, "కొత్తది వేసినా ఎండే అవకాశం సగానికి సగం" అని. ఆ బోర్లు ఒకప్పుడు నీళ్లిచ్చి ఎండినవి. రేపు మీరు వేసే బోరులో నీళ్లు పడతాయా అన్నది వేరే ప్రశ్న. ఎంత లోతువి, ఏ ప్రాంతంలోవి, ఎన్నేళ్లవి అన్నది తెలియకుండా ఆ సగాన్ని మీ వెనక గేటుకు అతికించలేం. భూగర్భ జలం పడిపోతోంది అనడానికి అది మంచి ఆధారం. మీ బోరు జాతకం చెప్పడానికి కాదు.

అన్నిటికన్నా మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. హేతువు తప్పయినంత మాత్రాన ప్రతిజ్ఞ తప్పు కాదు. కాయ వల్ల నీళ్లు తెలియవని మీరు సంపూర్ణంగా రుజువు చేసినా, వెనక గేటు దగ్గర నీళ్లు లేవని రుజువైనట్టు కాదు. అసలు అదే మంచి చోటు కావచ్చు. ఆవరణలో అదే పల్లమైతే, ఎండిన బోరుకు దూరంగా ఉంటే, బండి లోపలికి రావడానికి దారి ఉంటే, నేనైనా మొదట అక్కడే చూస్తాను. దోషాల పేర్లు నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ఎదుటివాడి వాదన పడిపోగానే తమ మాట నెగ్గిందనుకుంటారు.

ఇక చేయాల్సింది. సమావేశం కన్నా ముందు మామయ్య ఇంటికి వెళ్లండి. అత్తయ్య ఇంట్లో ఉన్నప్పుడు వెళితే ఇంకా మంచిది. "ఆ రోజు నలుగురిలో అలా మాట్లాడి ఉండకూడదు మామయ్యా" అని మొదలుపెట్టండి, ఎందుకంటే నిజంగానే ఉండకూడదు. ఆ తర్వాత ఊళ్లో బోర్ల గురించి చెప్పమనండి. ఎవరిది ఎంత లోతు, ఎప్పుడు వేశారు, ఇప్పుడెలా ఉంది అని. నాలుగు గళ్ల కాగితం మొదటే బయటికి తీయకండి. ఆయన చెబుతుంటే మీరు రాసుకోండి. మూడో గడిలోకి వచ్చేసరికి ఆయనే తడుముకుంటారు, లేదా మీరే ఆశ్చర్యపోతారు. రెండింటికీ సిద్ధపడి వెళ్లండి.

సమావేశంలో పెట్టాల్సిన తీర్మానం ఇద్దరూ కలిసి రాయండి. కొబ్బరికాయ వద్దు అని కాదు. నగరానికి నీళ్లు సరఫరా చేసే ప్రభుత్వ సంస్థ, జలమండలి, అనుమతి తీసుకున్నాకే బండిని పిలవాలి. చోటు నిర్ణయించే ముందు నేలలోకి కరెంటు పంపి లోపలి పొరలను అంచనా వేసే విద్యుత్ నిరోధక సర్వే చేసే భూగర్భ జల నిపుణుణ్ణి కూడా ఒకసారి పిలిపించాలి. ఆయనకూ మినహాయింపు వద్దు. లోతులోని సన్నటి పగుళ్లు ఆ యంత్రానికి కూడా సరిగ్గా దొరకవు, కాబట్టి ఈ చుట్టుపక్కల ఆయన చూపినవి ఎన్ని, పడినవి ఎన్ని, పడనివి ఎన్ని అని అదే పద్ధతిలో అడగాలి. ఇద్దరూ ఒకే చోటు చూపితే గొడవే లేదు. వేర్వేరు చోట్లు చూపితే ఎన్ని అడుగుల్లో ఎన్ని అంగుళాలు వస్తాయో ఇద్దరూ బండి రాకముందే కాగితం మీద రాసి కోశాధికారికి ఇవ్వాలి. అంటే మీ మామయ్యకే. ఎన్ని అడుగుల దగ్గర ఆపేయాలో, మొత్తం మీద ఎంతకు మించి ఖర్చు పెట్టకూడదో తీర్మానంలోనే ఉండాలి, బండి పక్కన నిలబడి నిర్ణయించేది కాదు. వాన నీటి ఏర్పాటు బోరుకు పోటీ కాదని కూడా రాయండి. జలమండలి చట్టానికి 2009లో చేసిన సవరణ ప్రకారం మీలాంటి భవనాలకు అది ఎలాగూ తప్పనిసరి. ఎండిపోయిన బోరు చుట్టూ ఇంకుడు గుంత తీయవచ్చేమో ఆ నిపుణుణ్ణే అడగండి. జయనగర 5వ బ్లాకులో విశ్వేశ్వరయ్య పేరుతో జలమండలి నడిపే వాన నీటి పార్కు ఉంది, నమూనాలన్నీ అక్కడ చూపిస్తారు. ఒక శనివారం మామయ్యను తీసుకెళ్లండి, దారిలో టిఫిన్ ఖర్చు మీది.

చదవడానికి అడిగారు కాబట్టి చెబుతున్నాను, తర్కసంగ్రహంతోనే మొదలుపెట్టండి. చాలా చిన్న పుస్తకం. మంచి వ్యాఖ్యానంతో ఉన్న ప్రతి చూసుకోండి. అనుమాన ఖండం, అంటే హేతువు నుంచి ఊహించి తేల్చడం గురించిన భాగం, దగ్గర ఆగి, హేత్వాభాసాలు, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువులు, ఐదూ వచ్చేదాకా ముందుకు పోకండి. ఒక్కోదానికీ ఉదాహరణ రాసుకోండి. ఈసారి ఉదాహరణలు మాత్రం మీ మాటల్లోంచే ఏరండి, సమావేశం నాడు మీరన్నవి గుర్తున్నంతవరకు చాలినన్ని దొరుకుతాయి.